దీపావళి నుంచి సంక్రాంతి దాకా షెడ్డులో ఉండే అంబాసిడర్‌ని ఎలుకల నుంచి కాపాడుకునేది ఎట్లా

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివినా. మీ నాన్నగారి 1978 అంబాసిడర్, పాకాల దగ్గర ఊళ్ళో రేకుల షెడ్డు, మీరుండేది బెంగుళూరు, దీపావళికి బండి లోపల పెడితే మళ్ళీ సంక్రాంతికే బయటికి తీసేది. పోయినేడాది తీసి చూస్తే హెడ్‌లైట్లు వెలగలేదు, హారన్ మోగలేదు, వెనక సీట్లో గూడు, వైరింగ్‌కీ సీట్లకీ కలిపి ముప్పై వేలు దాకా వదిలింది. ఈసారి నాఫ్తలిన్ ఉండలు వెయ్యాలా, పొగాకు పెట్టాలా, ప్లగ్గుకి పెట్టే సౌండ్ మిషన్ కొనాలా అని అడిగినావు. నేను తిరుపతిలో ఆటో ఎలక్ట్రీషియన్‌ని, ముప్పై ఏళ్ళు దాటింది ఈ పనిలో, అంబాసిడర్లూ పద్మినీలూ ఎన్ని వైరింగ్ చేసినానో లెక్క లేదు, నాకు సొంతంగా ఒక పాత పద్మిని కారు ఉండాది. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఒక మాట, మిగతాదంతా దీంట్లోంచే వస్తాది. ఎలుక నీ కారులోకి తినేదానికి రాదు, గూడు పెట్టుకునేదానికి వస్తాది. చీకటిగా ఉండాల, తడి తగలకూడదు, మనుషుల అలికిడి ఉండకూడదు, పిల్లలు పెట్టేదానికి మెత్తటి సరుకు దగ్గర్లో ఉండాల. నెలలు తరబడి షెడ్డులో కవర్ కప్పి పెట్టిన అంబాసిడర్‌లో ఈ నాలుగూ ఉంటాయి. సీటు లోపల కొబ్బరి పీచు, దూది, పైన రూఫ్ లైనింగ్ గుడ్డ, కింద కార్పెట్టు కింద వేసిన జనపనార. దానికి అంతకంటే మంచి ఇల్లు ఏముంటాది చెప్పు. అట్లాంటి ఇల్లు దొరికినాక వాసన బాలేదని వదిలేసి పోదు, రెండు రోజుల్లో అలవాటు పడతాది. ఉండలు వేసినా పొగాకు పెట్టినా జనం మోసపోయేది ఇక్కడే.

వైర్లు ఎందుకు కొరుకుతాయంటే, ఎలుక ముందు పళ్ళు చచ్చేదాకా పెరుగుతానే ఉంటాయి, అరగదీసుకోకపోతే నోరు మూసుకోలేదు, అందుకని గట్టిగా రొంత సాగేట్టు ఉండే దేన్నైనా కొరుకుతాది, వైరు మీద తొడుగు దానికి సరిగ్గా సరిపోతాది. ఇంకోటి, గూటికి పోయే దారికి అడ్డంగా ఉన్నదాన్ని తెంపేసి దారి చేసుకుంటాది. ఈమధ్య అందరూ కొత్త కార్ల వైర్లలో సోయా ఉంటాది అందుకే తింటాయి అంటా ఉన్నారు, మరి మీ నాన్నగారి మార్క్ 3 మోడల్ అంబాసిడర్‌లో సోయా యాడిది, అది మామూలు పీవీసీ తొడుగే కదా, అయినా కొరికేసింది.

మన వైపు ఎందుకు సరిగ్గా ఆ మూడు నెలలే అంటే, ఇంటర్నెట్లో దొరికేవన్నీ మంచు పడే దేశాల వాళ్ళు రాసినవి, అక్కడ చలికి తట్టుకోలేక లోపలికి వస్తాయి. మన దగ్గర చలి కాదు కారణం. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు, పొలాల్లో బొక్కల్లోకి నీళ్ళు దిగతాయి. అదే టైంకి చెనక్కాయ పీకేస్తారు, తర్వాత వరి కోత, డిసెంబరు నుంచి చెరుకు నరకడం మొదలు. పాకాల, చిత్తూరు, ఐరాల ఆ పక్కంతా చెరుకు తోటలు బెల్లం గానుగలు కదా, చెరుకు తోటలో ఎలుక కి కావాల్సిన నీడ, తిండి అన్నీ ఉంటాయి, ఒక్కరోజులో తోట నరికేస్తే అవన్నీ యాడికి పోతాయి? గట్టు దాటి దగ్గర్లో ఉండే షెడ్డులోకే. అందుకని నీ షెడ్డు పక్క తోట ఎప్పుడు నరుకుతారో కనుక్కో, ఆ వారం ఊళ్ళో ఎవరైనా బండిని చూసేట్టు చెయ్యి.

నాకు దెబ్బ తగిలింది 2021 నవంబరులో. నీకు గుర్తుండే ఉంటాది, ఆ వానలకి తిరుపతి ఊరంతా నీళ్ళే, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతాదేమో అని కింద ఊర్లన్నీ ఖాళీ చేయించినారు. నీళ్ళల్లో మునిగిన బండ్లు వరసగా వస్తా ఉంటే రాత్రి పగలు అవే చేసుకుంటా నా పద్మిని పెట్టిన షెడ్డు వైపు మూడు వారాలు పోలేదు. పోయి డోర్ తీయంగానే వాసన కొట్టింది, తడిసిన గోనెసంచి లాంటి వాసన, దాంట్లో ఘాటు. బానెట్ లేపితే సిలిండర్ హెడ్ మీద ప్లగ్గుల మధ్య సందులో చెనక్కాయ పొట్టు గుప్పెడు, ఎవరో కూర్చుని ఒలుచుకుని తిన్నట్టు చక్కగా ఒకచోటే. మూడో ప్లగ్ వైరు డెల్కో (ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) దగ్గర తెగిపోయి రాగి తీగ బయటికి కనిపిస్తా ఉంది. లోపల రూఫ్ లైనింగ్ వెనక అద్దం పైన కొంచెం కిందికి జారి బరువుగా ఉంది, చేత్తో తాకితే వెచ్చగా తగిలింది. మెల్లగా కుట్లు విప్పితే గూడు. సీటు పీచు, లైనింగ్ గుడ్డ పీలికలు, డాష్‌బోర్డు అరలో పెట్టి మర్చిపోయిన పెళ్ళి పత్రిక ముక్కలు, పసుపు రంగు అక్షరాలు ఇంకా చదివేట్టే ఉన్నాయి, మధ్యలో కళ్ళు తెరవని పిల్లలు ఐదు. డాష్‌బోర్డు వెనక హార్నెస్, అంటే వైర్ల కట్ట, జానెడు పొడుగున తొడుగు లేకుండా ఉంది. అంత నష్టానికి మూడు వారాలు చాలింది. ఎలుకకి కడుపుతో ఉండేది మూడు వారాలే, అందుకని నువ్వు మూడు నెలలు చూడకుండా వదిలితే ఒక్కటి కాదు ఒక సంసారం తయారైపోతాది.

ముందు వచ్చేది ఎవరో తెలుసుకో, దాన్నిబట్టే పని. పెంటికలు చూడు. బియ్యపు గింజంత, రెండు కొసలూ సన్నగా ఉంటే చిట్టెలుక. దానికి రెండు మూడింతలు పెద్దగా అర అంగుళం ఉంటే ఇంటి ఎలుక, ఇది పైకి ఎక్కేది, రేకుల కిందనుంచి వస్తాది. ఇంకా లావుగా ఉండి షెడ్డు మూలలో మట్టి కుప్ప పోసి ఉంటే పందికొక్కు, ఇది నేలలోంచి తవ్వుకుని వస్తాది. చంద్రగిరి పక్కన మా అత్తగారి ఊళ్ళో పొలాల్లో ఎలుకలు పట్టే యానాది పెద్దాయన ఒకాయన ఉండేవాడు, బొక్క నోటికి తాజా మట్టి పూడ్చి ఉంటే లోపల కొక్కు ఉన్నట్టు, మట్టి ఎండిపోయి సాలెగూడు పట్టి ఉంటే ఖాళీ అని ఆయనే నాకు చూపించినాడు, లోపల వరి వెన్నులు ఎంతెంత దాచి పెట్టుకుంటాదో తవ్వి చూపించినాడు. ఇంక పగటి పూట బానెట్ కింద కొబ్బరి పీచు చేరతా ఉంటే అది ఉడుత పని కావచ్చు. చుంచెలుక వేరే, మూతి పొడుగ్గా ఉంటాది, కంపు కొడతాది, కానీ అది పురుగుల్ని బొద్దింకల్ని తినేది, వైర్ల జోలికి రాదు, దాన్ని చంపొద్దు.

ఇప్పుడు షెడ్డు. నిజంగా డబ్బులు పెట్టాల్సింది ఇక్కడే, కారు మీద కాదు. పెన్సిల్ దూరే సందు ఉంటే చిట్టెలుక దూరతాది, అంటే కాలు అంగుళం. బొటనవేలు దూరితే ఎలుక దూరతాది, అర అంగుళం చాలు. రేకుల షెడ్డులో అన్నిటికంటే పెద్ద దొంగ దారి గోడ మీద రేకు కూర్చునే చోట, రేకు వంపు వంపుకీ కింద ఒక సందు, ముప్పై నలభై సందులు ఉంటాయి. వాటికి కాలు అంగుళం కన్నాల ఇనప జాలీ మడిచి పెట్టి సిమెంటు పూయించు, ఫోమ్ స్ప్రే ఒక్కటే కొట్టిస్తే లాభం లేదు, దాన్ని రస్కు కొరికినట్టు కొరికేస్తాది. నేలలో కొక్కు బొక్కలుంటే గాజు పెంకులు కలిపిన సిమెంటు లోపలికంటా దిగ్గొట్టి మూయడం మన పెద్దోళ్ళు చేసిందే, అది ఇప్పటికీ పనిచేస్తాది. షట్టర్ కింద నేల ఎత్తుపల్లాలుంటే అక్కడ ఒక పొడుగాటి సిమెంటు గడప కట్టి, షట్టర్ అంచుకి రబ్బరు పట్టీ, దాని వెనక రేకు పట్టీ. రబ్బరు ఒక్కటే వేస్తే ఒక మూల నుంచి మొదలుపెట్టి తినేస్తాది. షెడ్డు మీదికి వాలిన మామిడి కొమ్మ, మునగ కొమ్మ ఉంటే నాలుగడుగులు దూరం ఉండేట్టు కొట్టించు. షెడ్డులో చెనక్కాయ మూటలు, కోళ్ళ దాణా, పాత గోనెసంచులు, వరిగడ్డి పెట్టి ఉంటే ఇవన్నీ చేసినా వృథా, అది చెప్పుకోవడం కష్టంగానే ఉంటాది ఊళ్ళో చుట్టాలకి, కానీ చెప్పాల. బండి ఉన్నన్నాళ్ళు ఆ షెడ్డులో తినేది ఏదీ ఉండకూడదు.

చుట్టూ తగరం రేకు కంచె కడితే ఎట్లా అని కొంతమంది అడుగుతారు. నున్నటి రేకు రెండడుగుల ఎత్తు ఉంటే చిట్టెలుక దాటలేదు, అది నిజం. పెద్ద ఎలుక మూడడుగుల దాకా ఎగరగలదు, అందుకని దాన్ని నమ్ముకోవద్దు.

కారులో బొక్కలు. అంబాసిడర్‌లో నేను ఎప్పుడూ చూసే దారులు చెప్తా. స్టీరింగ్ రాడ్డు, దాని పక్కనే గేర్ రాడ్డు ఇంజను వైపు దిగే చోట రబ్బరు ఎప్పుడో ఎండి పగిలిపోయి ఉంటాది, అక్కడ రెండు వేళ్ళు పట్టే సందు. పెడల్స్ దగ్గర. మెయిన్ హార్నెస్ లోపలికి వచ్చే గ్రామెట్ (వైరు దూరే కన్నానికి వేసే రబ్బరు వాషర్), స్పీడోమీటర్ కేబుల్ గ్రామెట్. హీటర్ పెట్టని బండ్లలో ఆ బొక్కలకి వేసిన మూతలు పడిపోయి ఉంటాయి. డిక్కీ నుంచి వెనక సీటు వెనకాలకి పోయే చోట అట్ట తప్ప ఇంకేం ఉండదు. గ్రామెట్లు ఒక్కొక్కటి పది ఇరవై రూపాయలు, అన్నీ కొత్తవి మార్చు. పెద్ద సందులకి పాత్రలు తోమే స్టీల్ పీచు ఉంటాది చూడు, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్‌ది, అది గట్టిగా కుక్కు, మామూలు ఇనప పీచు పెట్టొద్దు, వానాకాలం తేమకి తుప్పు పట్టి రేక్కి కూడా తుప్పు అంటిస్తాది. వైర్ల పక్కన కుక్కేటప్పుడు మాత్రం జాగ్రత్త, పీచు అంచు వైరు తొడుగుని కోస్తే ఎలుక చేయాల్సిన పని మనమే చేసినట్టు, అందుకని వైరుకి ముందు రబ్బరు ట్యూబు ముక్క తొడిగి ఆ మీద పెట్టాల.

సైలెన్సర్ గొట్టం, ఎయిర్ క్లీనర్ మూతి, ఈ రెండూ మర్చిపోవద్దు. ఎయిర్ క్లీనర్ లోపల గూడు కట్టి గింజలు నింపి పెట్టిన బండి నా దగ్గరికి వచ్చింది, సెల్ఫ్ కొడితే తిరుగుతాది కానీ స్టార్ట్ అవదు, వాళ్ళు కార్బొరేటర్ రెండుసార్లు విప్పించుకున్నాక నా దగ్గరికి తెచ్చినారు. రెండిటికీ జాలీ పెట్టి కట్టు, దానికి ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టు, అదే గుడ్డలోంచి ఇంకో పీలిక తాళం చెవికి కట్టు. సంక్రాంతికి పిల్లోడెవడో ఉత్సాహంగా తాళం వేసి తిప్పకముందు ఆ గుడ్డ చూడాల.

లోపల మెత్తటి సరుకు ఏదీ వదలొద్దు. తువ్వాళ్ళు, దిండ్లు, డాష్‌బోర్డు అరలో కాగితాలు, టిష్యూలు, పాత పేపర్లు అన్నీ తీసెయ్. ప్రసాదం పొట్లం, లడ్డు పొడి, పిల్లలు పారేసిన బిస్కెట్ ముక్కలు వ్యాక్యూమ్ పెట్టి సీటు సందుల్లోంచి లాగెయ్. డాష్‌బోర్డు మీద దేవుడి దగ్గర పెట్టిన కొబ్బరి చిప్ప, బెల్లం, పటికబెల్లం కూడా. మీ వాళ్ళు ఆయుధపూజకి గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి బండి అట్లాగే లోపల పెడతారు, కడిగి పెట్టమను.

కవర్ గురించి. నేలదాకా వేలాడే గుడ్డ కవర్ కప్పితే దాని కింద ఒక గుడారం తయారవుతాది, అంతకంటే ఎలుకకి ధైర్యం ఇచ్చేది లేదు. షెడ్డు లోపల దుమ్ము కోసమే అయితే పల్చటి కాటన్ దుప్పటి పైన కప్పి, కిటికీ అంచు దాకానే ఉంచు, కింద ఖాళీగా వెలుతురు తగలాల. బానెట్ పూర్తిగా తెరిచి పెట్టు. చాలామందికి ఇది వింతగా ఉంటాది, కానీ మూసిన బానెట్ కింద ఉండే ఆ చీకటే దానికి కావాల్సింది, తెరిచి పెడితే ఇంజను దాక్కునేదానికి పనికిరాదు. కుదిరితే ఇంజను మీదికి పడేట్టు ఒక చిన్న ఎల్ఈడీ బల్బు రాత్రిళ్ళు వెలిగేట్టు షెడ్డు గోడకి పెట్టించు, బండి బ్యాటరీ నుంచి కాదు. నేను చేసే అన్ని పనుల్లో ఖర్చు లేనిది, బాగా పనిచేసేది ఇదే.

బ్యాటరీ విషయం మాత్రం బతిమాలి చెప్తా. టెర్మినల్ విప్పేసి పో. పాత అంబాసిడర్లలో ఫ్యూజులు రెండే, హెడ్‌లైట్ లైను, ఇగ్నిషన్ లైను ఆ ఫ్యూజుల మీద కూడా ఉండవు, బ్యాటరీ నుంచి నేరుగా పోయే వైరు ఎలుక కొరికి రేకుకి తగిలిందంటే తెగేదానికి ఫ్యూజు లేదు, వైరే ఎర్రగా కాలి మండతాది. అదే చోట రబ్బరు పెట్రోలు పైపు కూడా కొరికి ఉంటే? షెడ్డు, బండి, పక్కన గడ్డివామి, అన్నీ పోతాయి. బ్యాటరీ లైను ఆపే ఒక కటాఫ్ స్విచ్ పెట్టించుకుంటే ఐదారు వందల్లో అయిపోతాది, ఊళ్ళో వాళ్ళు స్పానర్ లేకుండా తిప్పుకోవచ్చు. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టి నెలకొకసారి చార్జింగ్ పెట్టిస్తే ఇంకా మంచిది. ఎట్లాగూ పెట్రోలు పైపులు మార్చాల్సిందే, ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తా ఉంది, పాత రకం రబ్బరుకి అది పడదు, ఇథనాల్‌కి ఓర్చుకునే పైపు వేయించు.

ఇక నువ్వు అడిగిన మూడూ. నాఫ్తలిన్ ఉండలు వద్దు. గాలి ఆడే చోట కొన్ని వారాల్లో కరిగిపోతాయి, క్యాబిన్ లోపల పెడితే ఆ వాసన సీట్లలోంచి ఏడాదైనా పోదు, ఆ గాలి పిల్లలకి మంచిది కాదు, పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకైతే రక్తకణాలు విరిగిపోతాయి. పొగాకు కాడలు నేనూ పెట్టినా, తాజాగా ఘాటుగా ఉన్నప్పుడు కొత్తగా వచ్చే ఎలుక రొంత వెనకాడతాది, వారం పది రోజులకి మార్చకపోతే ఉత్త చెత్త, గూటికి పనికొచ్చే చెత్త కూడా. నువ్వు బెంగుళూరులో ఉండి వారం వారం మార్చలేవు. పుదీనా నూనె, కర్పూరం ఇదే దారి. సౌండ్ మిషన్ మీద ఒక్క రూపాయి పెట్టొద్దు. ఆ శబ్దం గోడ దాటదు, సీటు దాటదు, బానెట్ కిందికి పోదు, వినబడేచోట కూడా ఎలుక కొన్ని రోజుల్లో అలవాటు పడతాది. అమెరికాలో ఇట్లాంటి మిషన్లు అమ్మే 60కి పైగా కంపెనీలకి అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2001లోనే హెచ్చరిక లేఖలు రాసింది, రుజువు లేకుండా పనిచేస్తాదని చెప్పి అమ్మొద్దని. కారం కలిపిన టేపు ఒకటి దొరుకుతాది, హార్నెస్‌కి చుట్టేది, అది పర్వాలేదు, కొరికినప్పుడు మండుతాది కాబట్టి ఆ వైరుని వదిలేస్తాది. కానీ అది వైరుని కాపాడతాది అంతే, గూడు పెట్టకుండా ఆపదు.

విషం పెట్టొద్దు తమ్ముడూ. తిన్నది అక్కడే చావదు, బ్రోమాడయోలోన్ కేకులైతే కనీసం మూడు నాలుగు రోజులు పడతాది, ఆ లోపల అది పోయి నీ రూఫ్ లైనింగ్‌లోనో డోర్ లోపలో చచ్చిపోతాది, ఆ కంపు పోగొట్టాలంటే బండి మొత్తం విప్పాల. జింక్ ఫాస్ఫైడ్ పొడి, ట్యూబులో వచ్చే ఎలుకల పేస్టు ఇంటి దగ్గరికే రానీయొద్దు, ఆ పేస్టులో ఉండే పసుపు ఫాస్ఫరస్ లివర్‌ని చంపేస్తాది, దానికి విరుగుడు మందు లేదు, ఊరి షెడ్డులో పిల్లలు ఆడుకుంటారు, కుక్కలు పిల్లులు తిరుగుతాయి. జిగురు అట్టలు కూడా నాకు ఇష్టం లేదు, బల్లులూ పాములూ అతుక్కుని గంటల తరబడి కొట్టుకుంటాయి, చూడలేం.

బోన్లు పెట్టు. రెండు రకాలు దొరుకుతాయి, స్ప్రింగు పడి కొట్టే చెక్క బోను, బతికుండగా పట్టే జాలీ బోను. వినాయకుడి వాహనం, చంపకూడదు అనే పట్టింపు మీ ఇంట్లో ఉంటే జాలీ బోనే పెట్టండి, కాణిపాకం పక్కనే ఉండేవాళ్ళం మనకి ఆ పట్టింపు ఉండడంలో తప్పేం లేదు, కానీ పట్టినదాన్ని పొద్దున్నే చూసి దూరంగా వదలాల, బోన్లో ఎండకి చచ్చేట్టు వదిలెయ్యొద్దు. ఎలుక నడిమధ్యలో నడవదు, మీసాలు గోడకి తగిలేట్టు అంచు పట్టుకుని పోతాది, అందుకని బోను గోడకి అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడని తాకేట్టు పెట్టాల. పెద్ద ఎలుక కొత్త వస్తువుని చూస్తే భయపడి దగ్గరికి రాదు, నాలుగైదు రోజులు స్ప్రింగు ఎత్తకుండా ఉత్తగా ఎర పెట్టి ఉంచు, తినడం అలవాటయ్యాక ఎత్తు. ఎర కి వేయించిన చెనక్కాయ దంచి బెల్లంతో ముద్ద చేసి అతికించు, ఊరికే పెడితే లాక్కుని పోతాది. ఎండు చేప ముక్క ఇంకా బాగా పనిచేస్తాది, ఇంట్లో ఒప్పుకుంటే. బోన్లు కారు లోపల పెట్టొద్దు, షెడ్డు తలుపు దగ్గర, మూలల్లో పెట్టాల. కారులోకి రాకముందే దొరకాల, లోపల ఎర పెడితే మనమే పిలిచినట్టు.

ఇవన్నీ చేసినా వారానికి ఒకసారి మనిషి చూడాల, దీనికి బదులు ఇంకోటి లేదు. ఊళ్ళో ఎవరికైనా నెలకి ఐదారు వందలు ఇచ్చి ఈ పని అప్పజెప్పు, ఎవరైనా చేయగలిగినదే. కారు చుట్టూ నేల మీద, నాలుగు టైర్ల దగ్గర ముగ్గు చల్లమను. బియ్యప్పిండి కాదు, అది తినేస్తాయి, ధనుర్మాసంలో వాకిట్లో వేసే రాతి ముగ్గు పొడి. పల్చగా జల్లెడతో జల్లినట్టు చల్లాల. వారం తర్వాత వచ్చి చూస్తే దాంట్లో అడుగులు కనిపిస్తాయి, ముందు కాళ్ళవి నాలుగు వేళ్ళు, వెనక కాళ్ళవి ఐదు వేళ్ళు ఉండే చిన్న చిన్న గుర్తులు, మధ్యలో తోక గీత. ఏ టైరు దగ్గర గీత ఉందో ఆ టైరు ఎక్కి పోయినట్టు, ఏ గోడ వైపు నుంచి వచ్చిందో ఆ గోడలో సందు వెతకాల. నాకు రెండేళ్ళ కింద ఇట్లానే దొరికింది, అన్నీ మూసినా అనుకుంటే కరెంటు మీటరు పైపు పక్కన రెండు వేళ్ళ సందు, అక్కణ్ణుంచి వెనక కుడి టైరు దాకా తిన్నగా గీత. ఫోన్లో ఫోటో తీసి నీకు పంపమను, మళ్ళీ ముగ్గు చెదిరిపోయేట్టు ఊడ్చి కొత్తగా చల్లమను.

మీరు నెలకొకసారి వస్తే బండి ఊరికే స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపెయ్యొద్దు, సైలెన్సర్లో నీళ్ళు చేరతాయి. అరగంట రోడ్డు మీద తిప్పి తీసుకురండి. అట్లా తీయలేకపోతే స్టార్టే చేయొద్దు.

సంక్రాంతికి తీసేటప్పుడు తొందర వద్దు. ముందు బానెట్ లోపలికీ సీట్ల కిందకీ టార్చి వేసి కర్ర పెట్టి కదిలించు, చెయ్యి పెట్టొద్దు, ఎలుకలు ఉన్నచోటికి పాము వస్తాది, ఆ కొండల పక్క ఊర్లలో నాగుపాములు తక్కువేం కాదు. పెంటికలు, గూడు కనిపిస్తే చీపురుతో పొడిగా ఊడ్చొద్దు, మాస్కు గ్లౌజులు వేసుకుని, బ్లీచింగ్ ద్రవం ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పిచికారీ కొట్టి ఐదు నిమిషాలు తడిసినాక గుడ్డతో ఎత్తి పారెయ్. ఇంజను మీద, వైర్ల మీద బ్లీచింగ్ కొట్టొద్దు, అక్కడ సబ్బు నీళ్ళే. ఎలుక ఉచ్చ తగిలితే లెప్టోస్పైరోసిస్, దాని మీద బతికే చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్, రెండూ వానలు వెళ్ళినాక మన వైపు చూసేవే. శుభ్రం చేసిన తర్వాత నెల లోపల జ్వరం వచ్చినా, ఒంటి మీద కాలినట్టు నల్లటి పొక్కు కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పోయి ఎలుకల గూడు తీసినా అని చెప్పాల, ఆ ముక్క చెప్తేనే వాళ్ళకి తొందరగా అర్థమవుతాది.

తర్వాత పెట్రోలు వాసన వస్తా ఉందా చూడు, వస్తే బ్యాటరీ కలపొద్దు, పైపులు వెతుకు. లేకపోతే సైలెన్సర్, ఎయిర్ క్లీనర్ జాలీలు, ఎర్ర గుడ్డలు తీసేసి, ప్లగ్ వైర్లు, డెల్కో, కటౌట్ (బ్యాటరీ చార్జింగ్‌ని అదుపు చేసే డబ్బా) చుట్టూ వైర్లు కంటితో ఒక్కొక్కటి చూసుకుని, అప్పుడు టెర్మినల్ పెట్టు. పెట్టేటప్పుడు అన్ని స్విచ్చులూ ఆపి ఉండాల, అయినా తాకించంగానే టప్ మని నిప్పురవ్వ వస్తే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే తీసెయ్. ఒక పన్నెండు ఓల్టుల బల్బు బ్యాటరీకీ టెర్మినల్‌కీ మధ్య పెట్టి చూస్తే బాగా తెలుస్తాది, బల్బు గట్టిగా వెలిగితే ఎలుక కొరికిన వైరు ఎక్కడో రేకుకి తగిలి ఉండాది, అది దొరికేదాకా స్టార్ట్ చేయొద్దు.

ఇంకా దీపావళికి టైం ఉంది కాబట్టి ఒక పని చెయ్. ఈసారి ఊరికి పోయినప్పుడు బానెట్ లేపి ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకు మొత్తం కనపడేట్టు ఒక ఫోటో, పెడల్స్ దగ్గర మ్యాట్ తీసేసి ఒక ఫోటో, షెడ్డు రేకులు గోడ మీద కూర్చునే చోట ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ఏ బొక్కకి ఏ సైజు గ్రామెట్ కావాలో, యాడ జాలీ పెట్టాలో గీత గీసి చెప్తా.